రెండింటికి స్టానిస్లావ్, రెండున్నరకి స్టానిస్లావ్

నేను ఇరవై ఆరేళ్ళకే రిటైరయ్యాను. అన్ని ఉద్యోగాల నుంచీ కాదు, ఒక్కదాన్నుంచి. సన్మాన సభ జరగలేదు, శాలువా కప్పలేదు. యూనిఫాం ఉతికి తిరిగిచ్చేయమన్నారు, ఇచ్చేశాను. అయినా ఆ ఉద్యోగం సంగతి ఎవరైనా కదిపితే మాత్రం, పెన్షన్ తీసుకుంటున్న పెద్దాయనలా కుర్చీ లాక్కుని మొదలుపెడతాను. ఈ సెప్టెంబరులో ఐర్లండ్‌లో కొత్తగా దిగిన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, "అన్నా, ప్లాంట్లో జాబ్ వచ్చేదాకా ఏం చెయ్యొచ్చు?" అని గ్రూపులో అడిగారు కదా. అడిగినందుకు ఇదీ శిక్ష.

నేను ఫార్మాలో ఎమ్మెస్సీ పూర్తి చేసిన ఏడాదే లోకం మూతపడింది. కార్క్ పక్కన రింగాస్కిడీ ప్లాంట్లో ఇంటర్వ్యూ ఖరారైంది అనుకున్న వారానికే, "పరిస్థితులు చక్కబడ్డాక చూద్దాం" అని మెయిల్ వచ్చింది. పరిస్థితులు ఎప్పుడు చక్కబడతాయో వాళ్ళకీ తెలీదు, నాకూ తెలీదు, నా ఇంటి ఓనరుకి తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. కిల్కెన్నీలో ఓ సీనియర్ ఇంట్లో గది ఖాళీగా ఉందంటే అక్కడికి చేరాను. ఊరి బయట ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌లో మనుషులు కావాలన్నారు. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి. ఇక్కడ వయసైపోయినవాళ్ళు ఉండే చోటు. ఈ తేడా తెలియక మా అమ్మ నెల రోజులపాటు చుట్టాలందరికీ నేను డాక్టర్ల పక్కన పనిచేస్తున్నానని చెప్పింది. నేనూ ఖండించలేదు.

కాంట్రాక్టులో నా హోదా రిసెప్షన్. నిజానికి తలుపు. లోపలికొచ్చేవాళ్ళ నుదుటికి టెంపరేచర్ గన్ గురిపెట్టి, "దగ్గుందా, జ్వరముందా, ఎక్కడికైనా వెళ్ళొచ్చారా" అని అడగాలి. ఎవరూ ఎప్పుడూ ఉందని చెప్పరు. తరవాత విజిటర్లను పూర్తిగా ఆపేశారు. దాంతో నా పని ఇంకా సులువైంది. వచ్చినవాళ్ళకి వద్దని చెప్పాలి, అంతే. గుమ్మం బయట ఒక మడత టేబుల్ వేశారు. కూతుళ్ళు ఉతికిన నైటీలు, కొడుకులు పేపర్లు, చాక్లెట్లు దానిమీద పెట్టి వెనక్కి జరిగితే, నేను గ్లవ్స్ వేసుకుని వెళ్ళి తెచ్చుకునేవాణ్ణి. "అమ్మ ఎలా ఉంది?" అని అడిగేవాళ్ళు. "గ్రాండ్" అనేవాణ్ణి. ఈ దేశంలో ఆ మాటకి అర్థం ఉండదు, అందుకే అంత పనికొస్తుంది. కొందరు ఆ మాట విన్నాక కూడా కారులో అరగంట కూర్చుని, మా ముఖద్వారం వైపు చూసి, అప్పుడు వెళ్ళేవాళ్ళు.

ఏప్రిల్‌లో మా హోమ్‌లో మనుషులు పోవడం మొదలైంది. ఎందరన్నది చెప్పను. శవవాహనం వచ్చినప్పుడల్లా పనిలో ఉన్నవాళ్ళం గుమ్మం ముందు వరసగా నిలబడేవాళ్ళం, మనిషికీ మనిషికీ మధ్య దూరం కొలుచుకుని. దుఃఖంలో కూడా కొలత తప్పితే, హోమ్ నడిపే మేట్రన్ ఒప్పుకునేది కాదు. ఆవిడ చెడ్డది కాదు. ఆ నెలంతా ఇంటికి వెళ్ళకుండా ఆఫీసు గదిలోనే మంచం వేసుకుని పడుకుంది. ముఖం మీద మాస్కు గీత ఒక నగలా మిగిలిపోయింది.

ఆ నెల పోయినవాళ్ళలో ఒక ముసలి ఐరిష్ రైతు ఉన్నాడు. భోజనాల గదిలో ఆయన ఎదురుకుర్చీ స్టానిస్లావ్ గారిది.

స్టానిస్లావ్ గారు పోలండ్ నుంచి వచ్చిన వడ్రంగి. ఈ చుట్టుపక్కల కొత్త ఇళ్ళకి తలుపులు బిగించి బిగించి, పక్షవాతం వచ్చి, చివరికి తను బిగించని తలుపున్న చోటికి చేరారు. ఆ తలుపంటే ఆయనకి చిన్నచూపు. చక్రాల కుర్చీలో నా పక్కనుంచి వెళ్తూ, "కింద రాసుకుంటోంది, వినపడట్లేదా?" అనేవారు. నాకు వినపడేది కాదు. భార్య లేదు, పిల్లలు లేరు. ఆయనా, ఆ రైతూ రెండేళ్ళు ఒకే బల్ల దగ్గర తిన్నారు. ఇద్దరికీ కలిసిన భాష ఏదీ లేదు. రైతు ఇంగ్లిషు ఇంగ్లిషువాళ్ళకే అర్థం కాదు. అయినా రోజూ పోట్లాడుకునేవాళ్ళు, డామినోల ఆట గురించి. రైతు పోయాక ఆ కుర్చీ తీసేశారు, దూరం పాటించడానికి ఎలాగూ తీయాల్సిందే కదా అన్నారు. ఆ రోజు నుంచి స్టానిస్లావ్ గారు తినడం మానేశారు.

అలిగి కాదు. పళ్ళెం ముందు పెడితే మర్యాదగా థాంక్యూ చెప్పి, మర్యాదగా పక్కకి జరిపేవారు. సూప్ రెండు చెంచాలు, టీ ఒక గుక్క. ఊరి డాక్టరు ఫోన్‌లోనే చూసి, ఇలాగే సాగితే వచ్చే సోమవారం ఆసుపత్రికి పంపి సెలైన్ పెట్టించాలి అన్నాడు. ఆసుపత్రికి వెళ్తే ఏమిటి అని మీరు అడగొచ్చు. ఆ నెలలో మా దగ్గర్నుంచి అంబులెన్స్ ఎక్కినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. అది ఆసుపత్రి తప్పు కాదు, ఆ వయసు, ఆ నెల అలాంటివి. స్టానిస్లావ్ గారికీ ఆ సంగతి తెలుసు. ఎదురుకుర్చీని బట్టి తెలుసు, రైతూ అంబులెన్సే ఎక్కాడు.

మా వంటగదిలో ఒక పోలిష్ ఆవిడ పనిచేసేది. మనసులో అక్క అనుకునేవాణ్ణి, పైకి పేరు పెట్టే పిలిచేవాణ్ణి, ఈ దేశంలో అంతే. స్టానిస్లావ్ గారిని పేరు పెట్టి పిలవకూడదని, ముందు 'పాన్' అనాలని నేర్పింది ఆవిడే. మన 'గారు' లాంటిదే, కాకపోతే ముందొస్తుంది. ఆయన వెళ్ళి వెళ్ళి ఆవిడతోనే ఒక మాట అన్నారట.

"శుక్రవారం నా పేరు రోజు. ఎవరొస్తారో చూస్తాను. తరవాత ఎక్కడికి పంపుతారో పంపండి."

పేరు రోజంటే ఏమిటని అడిగాను. అక్క ఉల్లిపాయలు తరుగుతూ చెప్పింది. వాళ్ళ పంచాంగంలో ప్రతి పేరుకీ ఒక రోజుంది. పుట్టినరోజు పిల్లలకి, పెద్దవాళ్ళకి పేరు రోజే. స్టానిస్లావ్ పేరున్న వాళ్ళందరికీ అదే రోజు. ఊళ్ళో ఎంతమంది స్టానిస్లావ్‌లుంటే అంతమందికీ ఒకేసారి పండగ.

"మరి అందరూ ఎవరింట్లో వాళ్ళు కూర్చుంటే, ఎవరింటికి ఎవరు వెళ్తారు?" అన్నాను. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, లొసుగు ఇట్టే పట్టేస్తాను.

"ఈ ఊళ్ళో పెద్ద స్టానిస్లావ్‌తో మొదలుపెడతారు. పెద్దాయన ఈయనే. పోయినేడు బస్సు డ్రైవరొచ్చాడు, మాంసం కొట్టువాడొచ్చాడు, ఇంకా ఎవరెవరో వచ్చారు. ఆ గదిలో కుర్చీలు చాల్లేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా! "బస్సు డ్రైవర్ నంబరివ్వు. నేను ఫోన్ చేస్తాను. కిటికీ దగ్గరకి రమ్మంటాను."

కత్తి ఆగింది. "ఫోనా?"

ఇక్కడ మన సంగతి కొంచెం చెప్పుకోవాలి. మనవైపు పిలుపు ఎలా ఉంటుందో మీకు తెలుసు. మా బాబాయి ఒకాయన, సొంత మేనకోడలి పెళ్ళికి శుభలేఖ వాట్సాప్‌లో పంపారని వెళ్ళలేదు. మా పెద్దమ్మ, బొట్టు పెట్టి పిలవకుండా గుమ్మంలోంచే చెప్పి వెళ్ళిపోయారని ఒక ఇంటితో ఇప్పటికీ మాట్లాడదు. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి, ఒక మనిషిని గౌరవించడమంటే గట్టిగా పిలిపించడమే. నేను ఒక్కొక్కరికీ విడివిడిగా ఫోన్ చేసి, మరోసారి గుర్తు చేసి, అవసరమైతే బతిమాలదామనుకున్నాను. బొట్టు ఒక్కటే తక్కువ.

"పేరు రోజుకి పిలవరు అబ్బాయ్," అంది అక్క. "తలుపు తీసి పెడతారు. గుర్తున్నవాళ్ళొస్తారు. నువ్వు పిలిస్తే వాళ్ళు రావడం వస్తారు. కానీ అది ఆయన పండగ కాదు, నీ పండగ."

"ఆయనకెలా తెలుస్తుంది?"

"అడుగుతాడు. అడిగితే నేను అబద్ధం చెప్పను. నువ్వు చెప్తావా?"

ఉల్లిపాయల ఘాటు ఎక్కువగా ఉందని చెప్పి బయటికొచ్చేశాను.

అప్పటికి మా హోమ్‌లో కిటికీ దర్శనాలు మొదలయ్యాయి. ముందు హాలులో పెద్ద అద్దాల కిటికీ ఉంది. లోపల పెద్దవాళ్ళు, బయట బంధువులు, మధ్యలో ఫోన్ స్పీకరు. మేట్రన్ పెట్టిన నియమం ఒక్కటే, ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకున్నవాళ్ళే రావాలి. చెప్పకుండా వచ్చినవాళ్ళని గేటు దగ్గరే తిప్పి పంపాలి. తిప్పి పంపేది నేను. అంటే శుక్రవారం నా ఉద్యోగం ఏమిటో చూడండి. ఒక మనిషి ఎవరి కోసం ఎదురు చూస్తున్నాడో, సరిగ్గా వాళ్ళని రానివ్వకపోవడం. చెప్పి వస్తే లోపల ఆయన లెక్కకి రారు, చెప్పకుండా వస్తే బయట మేట్రన్ లెక్కకి రారు.

రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. నాకొచ్చిన ఆలోచన గొప్పదేం కాదు. నా బల్ల వెనక గోడ మీద తెల్ల బోర్డుంది, కిటికీ అపాయింట్‌మెంట్లు దానిమీదే రాస్తాను. గురువారం సాయంత్రం మార్కర్ తీసుకుని శుక్రవారం మధ్యాహ్నం మొత్తం నింపేశాను. రెండింటికి స్టానిస్లావ్. రెండున్నరకి స్టానిస్లావ్. మూడింటికి స్టానిస్లావ్. మూడున్నరకి స్టానిస్లావ్.

మేట్రన్ కాఫీ కప్పుతో వచ్చి బోర్డు ముందు ఆగింది.

"ఒకే మనిషికి నాలుగు సార్లు ఇచ్చావు."

"ఒకే మనిషి కాదండి. నలుగురు."

"నలుగురూ స్టానిస్లావ్‌లేనా?"

"అవునండి."

"ఇంటి పేర్లేవీ?"

"ఇంకా తెలీదండి."

"వాళ్ళు ఫోన్ చేశారా?"

"లేదండి."

"నువ్వు చేశావా?"

"లేదండి. చెయ్యకూడదట."

ఆవిడ నాలుగు పేర్లనీ వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. నా ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. దాని గురించి ఇంటికి ఎలా చెప్పాలో కూడా ఆలోచించేశాను. 'డాక్టర్ల పక్కన పని మానేశానమ్మా' అంటే సరిపోతుంది.

"నియమం ఏమిటి?" అంది చివరికి.

"బోర్డు మీద పేరుండాలి."

"ఉంది కదా," అని, కప్పు నా బల్ల మీదే మరిచిపోయి వెళ్ళిపోయింది. చల్లారిన కాఫీ. నేనే తాగాను.

శుక్రవారం అక్క ఆయనకి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి తొడిగింది. మనిషి చిక్కిపోయి కాలరు ఆయన మెడ చుట్టూ ఇంకొకరిదిలా నిలబడింది. కుర్చీ కిటికీకి ఎదురుగా పెట్టించుకున్నారు. పక్కన చిన్న బల్ల, దానిమీద అక్క చేసిన కేకు, గసగసాలు నూరి లోపల పెట్టి చాపలా చుట్టింది. గసగసాలు చూడగానే నాకు మా ఇంటి కోడికూర గుర్తొచ్చింది, ఆ గంభీరమైన క్షణంలో గుర్తు రాకూడనిది అదొక్కటే.

"ఒక ముక్క తినండి పాన్ స్టానిస్లావ్," అన్నాను.

"అతిథి రాకుండా ఇంటివాడు తినడు," అన్నారు, అదేదో కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికి ఉలి పట్టుకోవడం చెబుతున్నట్టు.

రెండయింది. ఎవరూ రాలేదు. గేటు, దాని అవతల తారు రోడ్డు, దాని అవతల గొర్రెలు. గొర్రెల్లో స్టానిస్లావ్‌లు ఉండే అవకాశం తక్కువ.

రెండున్నరకి ఒక కారొచ్చింది. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని ముందుకి వంగారు. మా రెండో అంతస్తు పెద్దావిడ కూతురు. టేబుల్ మీద ఉతికిన బట్టలు పెట్టి, "అమ్మ ఎలా ఉంది?" అంది. ఈసారి గ్రాండ్ అనకుండా తలూపాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన మళ్ళీ వెనక్కి ఆనుకున్నారు. ముఖంలో ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. పళ్ళేన్ని పక్కకి జరిపేటప్పుడు ఉండే మర్యాద ఒక్కటే ఉంది.

నా జేబులో బస్సు డ్రైవర్ నంబరుంది. అక్క ఫోన్‌లో పేర్ల మధ్య ఎప్పుడో చూసి రాసుకున్నాను. ఒక్క ఫోన్ చేస్తే చాలు, పది నిమిషాల్లో ఎవరో ఒకరుంటారు. ఈయన కేకు తింటారు. సోమవారం అంబులెన్స్ రాదు. ఎవరికి నష్టం? ఫోన్ తీశాను. అక్క వంటగది తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. వద్దని కూడా అనలేదు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఈసారి ఉల్లిపాయలేమీ లేవు. ఫోన్ మళ్ళీ జేబులో పెట్టేశాను.

మూడు దాటాక బల్ల మీది ఫోన్ మోగింది.

"నర్సింగ్ హోమేనా? గార్డ్స్ నుంచి," అన్నాడు అవతల కుర్ర గొంతు. గార్డ్స్ అంటే ఇక్కడి పోలీసులు. ఇంటికి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న రోజులు కదా, మా రోడ్డు మొదట్లో బండ్లాపి అడుగుతున్నారు. "ఇక్కడొకాయన మీ దగ్గరకే వస్తున్నానంటున్నాడు. మీ దగ్గర అపాయింట్‌మెంట్ లేనిదే రానివ్వరు కదా?"

"రానివ్వమండి. పేరు?"

"స్టానిస్లావ్."

నా గుండె ఒక చప్పుడు మానేసింది. డాక్టర్ల పక్కన పనిచేస్తున్నాను కాబట్టి నాకు తెలుసు.

"రెండింటికి ఉందండి."

"తనకి అపాయింట్‌మెంటేమీ లేదంటున్నాడు."

"ఉందని ఆయనకి తెలీదండి."

"సరే. ఇంకొక కారుంది. ఇతను కూడా మీ దగ్గరకేనట. పేరు..." గొంతు దూరమై మళ్ళీ దగ్గరకొచ్చింది. "స్టానిస్లావ్. ముందాయనేనా?"

"కాదండి. రెండున్నర ఆయన."

"వెనక పార్సిల్ వ్యాన్ కుర్రాడొకడున్నాడు."

"స్టానిస్లావ్ అయితే మూడింటికి ఉంది."

"నాతో పరాచికాలాడుతున్నారా?"

"లేదండి. బోర్డు మీద ఉంది."

"వీళ్ళు చూడబోయే ముసలాయన పేరేంటి?"

చెప్పాను. గార్డు, ఇక్కడివాళ్ళు విస్తుపోయినప్పుడు చేసినట్టే, దేవుడి కుటుంబంలో ఇద్దర్ని తలుచుకుని, "పోనివ్వండి," అని ఎవరితోనో అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి, నా కుర్చీ ఎక్కడుందో చూసుకుని, కూర్చున్నాను.

మూడు బండ్లూ ఒకదాని వెనక ఒకటి గేట్లోకి వచ్చాయి. బస్సు డ్రైవర్ యూనిఫాంలోనే ఉన్నాడు, డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. మాంసం కొట్టాయన పొట్టమీద ఆప్రాన్ గుర్తు ఇంకా పోలేదు. పార్సిల్ కుర్రాడు ఈ ఊరొచ్చి ఏడాది కూడా కాలేదట, పెద్దాయన్ని ఒక్కసారీ చూడలేదట. "మరి ఎందుకొచ్చావు?" అని నేనడిగితే వాడికి ప్రశ్నే అర్థం కాలేదు. "నేనూ స్టానిస్లావ్‌నే కదా," అన్నాడు. ముగ్గురూ కిటికీ బయట దూరం దూరంగా నిలబడి టోపీలు తీశారు.

ఆయన నవ్వలేదు. వాళ్ళ వైపు కూడా చూడలేదు. కుర్చీ చక్రం తిప్పి నా వైపు తిరిగారు.

"వీళ్ళనెవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలేదు."

"నువ్వు ఫోన్ చేశావు."

"చెయ్యలేదు."

"ఆవిడ చేసింది."

అక్క తల అడ్డంగా ఊపింది.

ఆయన నా ముఖంలోకి చూశారు. మాస్కు పైన మిగిలిన కాస్త ముఖంలోనే వెతుక్కోవాల్సి వచ్చింది పాపం. నా ఇరవై ఐదేళ్ళ బతుకులో అంతసేపు నిజం చెప్పినవాడిలా కనపడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. నా జేబులో ఫోన్ బరువుగా ఉంది, దాన్ని వాడనందుకు.

"మరి కేకు కొయ్యరేం?" అన్నారు అక్కతో, విసుగ్గా. "జనం నిలబడి ఉన్నారు."

అక్క కోసింది. ఇంటివాడు ముందు తినకూడదు కదా, వచ్చినవాళ్ళు తినాలి. ఆ ముక్కలు కాగితంలో చుట్టి నా చేతికిచ్చింది. గుమ్మం బయటి టేబుల్ ఉంది చూశారూ, అన్ని వారాలూ అది బయటి సామాన్లు లోపలికి తేవడానికే. మొట్టమొదటిసారి దానిమీద లోపలి వస్తువు బయటికి పెట్టాను. మేట్రన్ హాలులోకి రావడం, సరిగ్గా అప్పుడే కిటికీ పక్క కర్టెన్ దుమ్ము పట్టిందని ఆవిడకి అనుమానం రావడం, అది దులపడానికి మాకు వీపు పెట్టి నిలబడటం కూడా జరిగాయి. ఆ కర్టెన్ ముందురోజే ఉతికింది.

బయట ముగ్గురూ తిన్నారు. అప్పుడాయన ఒక ముక్క తీసుకున్నారు. నెమ్మదిగా, నాలుగుసార్లు నమిలి, ఆగి, మళ్ళీ నమిలి. మింగారు. ఇంకో ముక్క అడిగారు. బయటివాళ్ళు నూరేళ్ళు బతకమని పాడే పాటేదో ఎత్తుకున్నారు. మా హోమ్‌లో నూరేళ్ళకి దగ్గరపడ్డవాళ్ళు కొందరున్నారు, వాళ్ళనడిగితే అదేమంత దీవెన కాదని చెప్పేవాళ్ళు. అద్దంలోంచి పాట సగమే వినపడింది. నేను తెల్ల బోర్డు వైపు తిరిగి, అక్షరాలు సరిగ్గా పడ్డాయా లేదా అని చాలాసేపు చూసుకున్నాను. ఏదో ఒకటి చూడాలి కదా.

వాళ్ళు వెళ్ళాక ఆయన బోర్డు చూపించారు. "మూడున్నర ఎవరిది?"

"ఎవరిదీ కాదు. ఇంకెవరైనా వస్తారేమోనని."

"నిన్ను ఇవాళ ఎవరు పిలిచారు?"

ఎక్కడికి తీసుకెళ్తున్నారో అర్థమైంది. ఛాతీ కొంచెం పొంగింది కూడా. "ఎవరూ పిలవలేదు. రోస్టర్లో ఉంది, వచ్చాను."

"అయితే నువ్వు లెక్కకి రావు," అన్నారు. "జీతానికొచ్చినవాడు అతిథి కాదు. కేకు తిను. కానీ లెక్కకి రావు."

తిన్నాను. బాగుంది. గసగసాలు కోడికూరలోనే ఇంకా బాగుంటాయి.

ఆ సోమవారం అంబులెన్స్ రాలేదు. ఆయన మామూలుగా తినడం మొదలుపెట్టారు, అంటే తిడుతూ తినడం. ఎండాకాలం అంతా నా తలుపుని తిట్టారు. సెప్టెంబరులో రింగాస్కిడీ వాళ్ళకి పరిస్థితులు చక్కబడ్డాయి. యూనిఫాం ఉతికి ఇచ్చేసిన రోజు ఆయన దగ్గరకెళ్ళి, "వచ్చే మేలో మీ పేరు రోజుకి జీతం లేకుండా వస్తాను పాన్ స్టానిస్లావ్," అన్నాను.

ఆయన నుదురు కొట్టుకున్నారు. "చెప్పేశావుగా. ఇంకెందుకు రావడం?"

మే దాకా ఆయన ఆగలేదు. జనవరిలో, ప్లాంట్ క్యాంటీన్‌లో టీ తాగుతూ మరణవార్తల సైటు చూస్తున్నాను. ఈ దేశంలో పొద్దున్నే అందరూ చూస్తారు, మనం రాశిఫలాలు చూసినట్టు. మీకూ అలవాటవుతుంది. కిల్కెన్నీ కింద ఆ పేరుంది. నిద్రలో, ప్రశాంతంగా అని రాశారు. ప్రస్తుత నిబంధనల వల్ల అంత్యక్రియలు ప్రైవేటుగా జరుగుతాయి, దయచేసి ఎవరూ రావద్దు అని కూడా రాశారు. అక్క దగ్గర నా నంబరుంది. ఆవిడ ఫోన్ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో నాకు తెలుసు.

సెలవు పెట్టి కారెక్కాను. ఊరి ముందు గార్డ్స్ ఆపారు. వేరే గార్డు, పెద్దాయన.

"ఎక్కడికి?"

"అంత్యక్రియలకండి."

"కుటుంబమా?"

"కాదండి."

"చర్చిలోకి పదిమందికే అనుమతి. ఆ పదిమందిలో ఉన్నారా? పిలిచారా మిమ్మల్ని?"

"లేదండి. రోడ్డు పక్కన నిలబడి వెళ్ళిపోతాను."

ఆయన నన్నూ, నా నల్ల కోటునీ, కార్క్ నంబరు ప్లేటునీ చూసి, చెయ్యూపి పక్కకి తప్పుకున్నాడు.

ఇక్కడి అలవాటు ప్రకారం జనం రోడ్డుకి రెండు వైపులా నిలబడ్డారు, మనిషికీ మనిషికీ మధ్య ఖాళీతో. సన్నగా వాన. బస్సు డ్రైవరున్నాడు, ఇప్పుడు ఈ ఊళ్ళో పెద్ద స్టానిస్లావ్ అతనే. మాంసం కొట్టాయన, పార్సిల్ కుర్రాడు, నేనెరగని ఇంకో ఇద్దరు ముగ్గురు. వాళ్ళ పేర్లు అడగలేదు, అడిగే పని లేదు. మేట్రన్ అందరి మధ్య దూరం కళ్ళతోనే కొలుస్తోంది. శవవాహనం మలుపు తిరిగి నెమ్మదిగా వస్తోంది.

అక్క నన్ను చూసింది. ఎలా ఉన్నావు అనలేదు. ఎంత దూరం నుంచొచ్చావు అనలేదు.

"నీకెవరు చెప్పారు?" అంది.

"ఎవరూ చెప్పలేదు."

ఆవిడ తలూపి, రెండడుగులు పక్కకి జరిగి, వరసలో నాకు చోటిచ్చింది.